సెట్ఎన్‌ఫోర్స్ సున్నా

అమీర్‌పేటలో లినక్స్ నేర్చుకున్నవాళ్లకి ఈ నోట్సు గుర్తుండే ఉంటుంది. జిరాక్సు కాగితాలు, స్పైరల్ బైండింగు, మొదటి పేజీలో ‘ఇన్‌స్టలేషన్ అయ్యాక చేయవలసినవి’. ఒకటి, ఫైర్‌వాల్ ఆపేయడం. రెండు, ఎస్ఈలినక్స్ డిసేబుల్ చేయడం. ఏ ప్రోగ్రామ్ ఏది ముట్టుకోవచ్చో చూసే లినక్స్ లోపలి కాపలావాడన్నమాట అది. మా సారు ఆ రెండోదాని కింద బోర్డు మీద రెండు గీతలు కూడా గీశాడు. ‘‘ఇది ఆపకపోతే ఏదీ పనిచేయదు. తర్వాత నా దగ్గరికి రావద్దు’’ అన్నాడు. క్లాసులో అరవై మంది ఉన్నాం. ఎందుకని ఒక్కరం అడగలేదు. ఆ తర్వాత ఆరేడేళ్లు, కొత్త సర్వర్ ముందు కూర్చున్న ప్రతిసారీ నా వేళ్లు ముందుగా ఆ కాపలాని పక్కన పెట్టే కమాండ్, ‘సెట్ఎన్‌ఫోర్స్ 0’ అని కొట్టేవి. గుడి మెట్లెక్కే ముందు చెప్పులు విడిచినట్టు, ఆలోచన అక్కర్లేని పని.

ఈ మధ్య మా ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడు సరిగ్గా అదే కొడుతుంటే వెనక నిలబడి చూశాను. అంటే నోట్సు ఇంకా మారలేదన్నమాట. అతని సమస్య వరకు చూపించాను కానీ, అప్పటికప్పుడు అంతా చెప్పబోతే ఉపన్యాసంలా ఉంటుందని ఊరుకున్నాను. చెప్పాలనుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

లినక్స్‌తో పరిచయం లేనివాళ్ల కోసం కాస్త వెనక్కి వెళ్తాను. లినక్స్ అంటే విండోస్‌లాగా కంప్యూటర్‌ని నడిపించే సిస్టమ్, సర్వర్లలో బాగా వాడేది. ప్రతి ఫైలుకీ ఒక ఓనరు ఉంటాడు, ఒక గ్రూపు ఉంటుంది, మిగతా ప్రపంచం ఉంటుంది. చదవడం, రాయడం, నడపడం, ఈ మూడు హక్కులు ఆ మూడు రకాల వాళ్లకి పంచుతాం. లినక్స్‌కి తాతలాంటి యూనిక్స్ పుట్టినప్పటినుంచి ఇంచుమించు ఇదే పద్ధతి. ఇందులో కంప్యూటర్ అడిగే ప్రశ్న ఒక్కటే: ‘నువ్వు ఎవరి తాలూకు?’ నేను తెరిచిన ప్రోగ్రామ్ ఏదైనా నా తాలూకే. కరెంటు బిల్లు పీడీఎఫ్ చూడ్డానికి ఒక ప్రోగ్రామ్ తెరిచాననుకోండి. దానికి బిల్లుతో పాటు నా బ్యాంకు స్టేట్‌మెంట్లూ, ఆఫీసు సర్వర్ల తాళాలూ, పెళ్లి ఫొటోలూ అన్నీ చదివే హక్కు వచ్చేసినట్టే. గ్యాస్ బండ తెచ్చిన అబ్బాయిని వంటింటిదాకా రానిస్తాం. వచ్చాడు కదా అని బీరువా తాళాలు చేతికివ్వం. కంప్యూటర్‌లో మాత్రం ఇస్తాం, రోజూ ఇస్తూనే ఉంటాం.

ఇది ఇవాళ కనిపెట్టిన సంగతి కాదు. ఏ ప్రోగ్రామ్‌కైనా దాని పనికి సరిపడా హక్కులే ఉండాలి, అంతకు మించి ఒక్కటి కూడా ఉండకూడదని సాల్ట్జర్, ష్రోడర్ అనే ఇద్దరు 1975లోనే రాసిపెట్టారు. 1988లో నార్మ్ హార్డీ అనే ఆయన అంతకు చాలా ఏళ్ల కిందట తను చూసిన ఒక కథ చెప్పాడు. ఒక కంపెనీ మెషీన్‌లో కంపైలర్, అంటే మనం రాసిన ప్రోగ్రామ్‌ని మెషీన్ భాషలోకి మార్చేది, ఉంది. వాడకం లెక్కలు రాసుకోవడానికి దానికి ఒక ఫోల్డర్‌లో రాసే హక్కు ఇచ్చారు. కస్టమర్ల బిల్లుల ఫైలు కూడా ఖర్మకాలి అదే ఫోల్డర్‌లో ఉంది. ఒక యూజరు కంపైలర్‌తో ‘నా అవుట్‌పుట్ ఫలానా ఫైల్లో రాయి’ అని ఆ బిల్లుల ఫైలు పేరు ఇచ్చాడు. యూజరుకి దాన్ని ముట్టుకునే హక్కు లేదు. కంపైలర్‌కి ఉంది. రాసేసింది. బిల్లులు పోయాయి. కంచె చేను మేయడమంటే ఇదే, కాకపోతే ఈ కంచెకి మేయాలన్న ఆశ కూడా లేదు. ఎవరో తోలితే పోయింది.

ఇక నా చేను సంగతి.

2017 ఎండాకాలం. గుంటూరు వైపు ఒక విత్తనాల వ్యాపారికి వెబ్‌సైటు చేసిపెట్టాం, సర్వర్ చూసుకునేది నేనే. సెంట్ఓఎస్ 7 అనే లినక్స్, షరా మామూలుగా ఎస్ఈలినక్స్ ఆఫ్. షాపులో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ బ్యాకప్ కూడా రోజూ రాత్రి అదే సర్వర్‌కి, నా హోమ్ ఫోల్డర్‌కి వచ్చేలా పెట్టాను. వేరే మెషీన్ ఎందుకు, ఖర్చు దండగ అనుకున్నాం. ఒకసారి ఏదో స్క్రిప్టు ‘పర్మిషన్ డినైడ్’ అంటుంటే, విసుగొచ్చి ఆ ఫోల్డర్ మొత్తానికి 777 కొట్టాను. అంటే ఊళ్లో అందరూ రావచ్చు, చదవొచ్చు, రాయొచ్చు. తర్వాత తీసేద్దాంలే అనుకున్నాను. తీయలేదని వేరే చెప్పక్కర్లేదు.

సైటులో ఒక ప్లగిన్‌ ఉండేది. ఫొటోలు అప్‌లోడ్ చేసే ఫారం. ఫొటో పేరుతో పీహెచ్‌పీ ఫైలు, అంటే సర్వర్ మీద నడిచే ప్రోగ్రామ్, పంపినా తీసుకుంటుందని నాకు తెలియదు, ఎవడికో తెలిసింది. ఒక ఆదివారం పొద్దున సర్వర్ అద్దెకిచ్చినవాళ్ల దగ్గర్నుంచి మెయిల్: మీ మెషీన్ నుంచి చెత్త మెయిళ్లు వెళ్తున్నాయి, నాలుగు గంటల్లో ఆపకపోతే లైను కట్ చేస్తాం. లాగిన్ అయి చూస్తే మెయిల్ క్యూ కొండవీటి చాంతాడంత ఉంది. అది ఆపడం పెద్ద పని కాలేదు. తర్వాత వెబ్ లాగ్ చూస్తుంటే నా హోమ్ ఫోల్డర్‌లోని బ్యాకప్ ఫైలు పేరు కనబడింది. ఎవరో దాన్ని దింపుకున్నారు. ఆ ఫైల్లో ఏ రైతు ఎంత బాకీ, ఏ డీలరు ఎంత బాకీ, ఫోన్ నంబర్లతో సహా ఉంది.

విత్తనాల వ్యాపారికి ఫోన్ చేసి చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. ‘‘వెబ్‌సైటు పోతే మళ్లీ పెట్టుకుందాం బాబూ. బాకీల లెక్క ఎదుటి షాపు వాడి చేతిలో పడితే నేనేం చెయ్యాలి?’’ అన్నాడు. నా దగ్గర జవాబు లేదండీ అన్నాను. లెక్క ఎవరి చేతిలో పడిందో ఇప్పటికీ తెలియదు.

ఆ వారం ఒక టెస్ట్ మెషీన్‌లో అంతా మళ్లీ అలాగే పెట్టాను. అదే ప్లగిన్, అదే 777, అదే పీహెచ్‌పీ ఫైలు. తేడా ఒక్కటే, ఎస్ఈలినక్స్ ఆన్. పీహెచ్‌పీ ఫైలు దర్జాగా లోపలికొచ్చింది, నడిచింది కూడా. అప్‌లోడ్ ఫోల్డర్‌లో రాయడం వెబ్ సర్వర్ పనే, ఇక్కడ రాయొచ్చు అని ఎస్ఈలినక్స్ చూసుకునే లేబుల్ ఆ ఫోల్డర్‌కి అంటించింది నేనే, కాబట్టి ఆపలేదు. సైటు డేటాబేస్‌తో మాట్లాడితే అదీ ఆపలేదు. కానీ బ్యాకప్ ఫైలు చదవబోతే కుదర్దంది. 777 ఉన్నా కుదర్దంది. మెయిల్ పంపబోతే కుదర్దంది. బయట ఏదో అడ్రసుకి కనెక్ట్ కాబోతే కుదర్దంది. నేను ఒక్క రూలు కూడా రాయలేదు, అవన్నీ డబ్బాతో పాటే వచ్చినవి. ఆరేళ్లుగా మొదటి నిమిషంలో నేను ఆపేస్తున్నది ఇదన్నమాట.

దొంగని ఇది ఆపుతుందని నేను చెప్పడం లేదు. దొంగ వరండాలోకి వచ్చాడు. వరండా దాటలేకపోయాడు. బాకీల పుస్తకం లోపలి గదిలో ఉంది కాబట్టి మిగిలేది. నా వాదనంతా ఆ లోపలి గది గురించే.

ఎస్ఈలినక్స్ వెనకున్న ఆలోచన నిజానికి చాలా అందమైనది. అమెరికా గూఢచారి సంస్థ ఎన్ఎస్ఏ, యూటా యూనివర్సిటీ, సెక్యూర్ కంప్యూటింగ్ కార్పొరేషన్ కలిసి 1990ల్లో ఫ్లాస్క్ అనే నిర్మాణం మీద పనిచేశారు. అందులో కీలకం ఏమిటంటే, గుమ్మం దగ్గర నిలబడి ఆపేవాడూ, ఎవర్ని ఆపాలో నిర్ణయించేవాడూ వేరు వేరు. ఆపేవాడికి రూల్స్ తెలియవు. ప్రతిసారీ లోపలికి అడుగుతాడు, వచ్చిన జవాబు గుర్తు పెట్టుకుంటాడు. అందువల్ల రూల్స్ ఎలా కావాలంటే అలా మార్చుకోవచ్చు, గుమ్మం కూలగొట్టక్కర్లేదు. మిలిటరీ వాళ్లకి ఒక రకం, ఆసుపత్రికి ఒక రకం, కిరాణా కొట్టుకి ఒక రకం. 2000 డిసెంబరులో దీన్ని లినక్స్ మీద చేసి, కోడ్ మొత్తం అందరికీ విడుదల చేశారు. మరుసటి ఏడు లినక్స్ పుట్టించిన లైనస్ టోర్వాల్డ్స్ ముందుకు తెస్తే, ఒక్క పద్ధతినే కెర్నెల్‌లో (లినక్స్ గుండెకాయలో) బిగించను, ఎవరి పద్ధతి వాళ్లు తగిలించుకునేలా కొక్కేలు పెట్టండి అన్నాడు. ఆ కొక్కేల పేరే లినక్స్ సెక్యూరిటీ మాడ్యూల్స్. 2003 చివర్లో వచ్చిన 2.6 కెర్నెల్‌లో ఆ కొక్కేలూ ఉన్నాయి, వాటికి తగిలించిన ఎస్ఈలినక్సూ ఉంది. (ఎన్ఎస్ఏ రాసింది కదా, దొడ్డిదారి పెట్టుండరా అని అడిగేవాళ్లు ప్రతి మీటింగులోనూ ఒకరుంటారు. కోడ్ ఇరవై ఏళ్ల పైబడి అందరి కళ్ల ముందూ ఉంది. ఆ అనుమానంతో దాన్ని ఆపేసేవాళ్లు, పాస్‌వర్డ్ మాత్రం కంపెనీ పేరు పక్కన 123 అని పెట్టుకుంటారు.)

అయితే కావాల్సినట్టు మార్చుకోవచ్చు అన్నదే దానికి శాపం కూడా అయింది. రెడ్‌హ్యాట్ కంపెనీ అండతో నడిచే ఫెడోరా అనే లినక్స్‌లో, ఫెడోరా కోర్ 2 వచ్చిన 2004లో, దాని టెస్ట్ వెర్షన్లలో ‘స్ట్రిక్ట్’ పాలసీ (ఎస్ఈలినక్స్ రూల్స్ కట్ట) పెట్టి చూశారు. ప్రతి ప్రోగ్రామ్‌కీ గీత గీయాలని ఉత్సాహం. జనం రోజూ వాడే మెషీన్లలో ఎక్కడ చూసినా ఏదో ఒకటి ఆగిపోవడం మొదలైంది. చివరికి అసలు విడుదలలో దాన్ని ఆఫ్ చేసే ఇచ్చారు. అదే ఏడాది నవంబరులో ఫెడోరా కోర్ 3 వచ్చేటప్పటికి బుద్ధి తెచ్చుకుని ‘టార్గెటెడ్’ అన్నారు. నెట్‌వర్క్ వైపు తలుపు తెరుచుకుని కూర్చునే పదీ పన్నెండు సర్వీసులకే గీతలు, యూజరు నడుపుకునే మిగతా వాటి జోలికి వెళ్లకపోవడం. అది నిలబడింది. ఇవాళ్టి రెడ్‌హ్యాట్ కుటుంబం మెషీన్లలో నడుస్తున్నది దాని మనవడే, ఇప్పుడు రూల్స్ పదుల వేలల్లో ఉన్నాయి. మా సారు నోట్సు బహుశా ఆ మొదటి రోజుల చేదు అనుభవం నుంచి పుట్టి, చేతులు మారుతూ మా దాకా వచ్చుంటుంది. ఆయన్ని తప్పుపట్టలేను. ఆయనకీ ఎవరో బోర్డు మీద రాసే ఉంటారు.

ఇప్పుడు కుర్రాడి దగ్గరికి వద్దాం. అతని సమస్య చాలా చిన్నది. వెబ్ పేజీ తెరిస్తే ‘ఫర్‌బిడెన్’ అని వస్తోంది. ఫైలు పర్మిషన్లు చూశాడు, 644, ఎవరైనా చదవొచ్చు. ఓనరు సరిగ్గానే ఉన్నాడు. వెబ్ సర్వర్ అపాచీ కాన్ఫిగరేషన్ సరిగ్గానే ఉంది. రెండు గంటలు కొట్టుకున్నాక నోట్సు గుర్తొచ్చింది. సున్నా కొట్టగానే పేజీ వచ్చేసింది. ఆ క్షణంలో అతను నేర్చుకున్నదేమిటి? ఎస్ఈలినక్స్ అనేది సమస్య, సున్నా అనేది మందు. మనమందరం అలాగే నేర్చుకున్నాం.

నేను ఆడిట్ లాగ్ తెరిచి చివరి లైను చూపించాను. ఆ లైను చూస్తే ఎవరికైనా భయమేస్తుంది, ఒప్పుకుంటాను. అనవసరమైనవి తీసేస్తే మిగిలేది ఇంతే: ‘ఏవీసీ డినైడ్, రీడ్. కామ్: హెచ్‌టీటీపీడీ. నేమ్: ఇండెక్స్ డాట్ హెచ్‌టీఎంఎల్. ఎస్‌కాంటెక్స్ట్: హెచ్‌టీటీపీడీ_టీ. టీకాంటెక్స్ట్: యూజర్_హోమ్_టీ. టీక్లాస్: ఫైల్.’ దీన్ని మన మాటల్లో చదివితే, ‘వెబ్ సర్వర్ అనే చీటీ ఉన్నవాడు వచ్చి, ఇంటి సామాను అని చీటీ అంటించిన ఒక ఫైలు చదవబోయాడు, నేను వద్దన్నాను.’ కాపలావాడు ఎవర్ని, ఎక్కడ, ఎందుకు ఆపాడో రిజిస్టర్‌లో రాశాడు. మనం రిజిస్టర్ చూడకుండా కాపలావాణ్ణే పనిలోంచి తీసేస్తున్నాం.

వెబ్‌సైటు ఫైలుకి ఇంటి సామాను చీటీ ఎలా అంటింది? ‘‘ఫైలు ఎక్కడ తయారుచేశావు?’’ అని అడిగాను. ‘‘నా హోమ్‌లో చేసి మూవ్ చేశానన్నా.’’ అదీ సంగతి. ఎంవీతో జరిపితే ఫైలు పాత చీటీతోనే వెళ్తుంది. సీపీతో కాపీ చేస్తే కొత్త ఫైలు పుడుతుంది, పుట్టిన ఫోల్డర్ చీటీ దానికి అంటుకుంటుంది. మామూలు ఎల్ఎస్‌లో ఈ చీటీలు కనబడవు, పక్కన పెద్ద జెడ్ పెట్టి కొట్టాలి. రిస్టోర్‌కాన్ అని ఒక్క కమాండ్ కొడితే, ఆ ఫోల్డర్‌లో ఉండాల్సిన చీటీలు ఏవో చూసి తిరిగి అంటిస్తుంది. కొట్టాం. ‘సెట్ఎన్‌ఫోర్స్ 1’ కొట్టి, కాపలా మళ్లీ పెట్టి, పేజీ తెరిచాం. వచ్చింది. అతను నా వైపు చూశాడు. ‘‘ఇంతేనా అన్నా?’’ అన్నాడు. చాలాసార్లు ఇంతే.

ఇంతకంటే పెద్ద సమస్యలకి కూడా మెట్లున్నాయి. సైటు ఫైళ్లు మామూలు చోట కాకుండా వేరే డిస్కులో ఉంటే, ఆ దారికి ఈ చీటీ అని సెమేనేజ్ కమాండ్‌తో ఒకసారి చెప్పి, తర్వాత రిస్టోర్‌కాన్ కొట్టాలి. చాలామంది దీనికి, చీటీని అప్పటికప్పుడు మార్చే సీహెచ్‌కాన్ వాడతారు. పనైపోతుంది, కానీ ఎప్పుడో మెషీన్ మొత్తం చీటీలు మళ్లీ అంటించుకున్నప్పుడు అది ఎగిరిపోతుంది, అర్ధరాత్రి ఫోన్ మోగుతుంది. వెబ్ సర్వర్ నిజంగానే వేరే సర్వర్‌తో మాట్లాడాల్సిన పని ఉంటే, ‘హెచ్‌టీటీపీడీ క్యాన్ నెట్‌వర్క్ కనెక్ట్’ అని ఒక స్విచ్ ఉంది, వేస్తే చాలు. ఇలాంటి స్విచ్‌లు వందల్లో ఉన్నాయి. ఇవేవీ కాక తల పట్టుకునే పరిస్థితి వస్తే, ఆ ఒక్క ప్రోగ్రామ్‌ని మాత్రమే పర్మిసివ్‌లో పెట్టొచ్చు. దాన్ని ఆపదు, లాగ్ రాస్తుంది. మిగతా మెషీన్ అంతా కాపలాలోనే ఉంటుంది. నన్నడిగితే ఎస్ఈలినక్స్‌లో అతి విలువైన సదుపాయం ఇదే, అమీర్‌పేట నోట్సులో ఒక్కసారి కూడా కనబడనిదీ ఇదే. ఒక స్క్రూ వదులు చేయడానికి తలుపే పీకెయ్యక్కర్లేదు.

ఇక్కడిదాకా చాలామంది సీనియర్లు నాతో ఒప్పుకుంటారు. దీని తర్వాతిదాని దగ్గరే గొడవ.

ఆడిట్ టు అలౌ అని ఒక పనిముట్టు ఉంది. లాగ్‌లో ఆపేసిన వాటన్నిటినీ చదివి, వాటన్నిటినీ అనుమతించే రూల్స్ తనే రాసిచ్చే పనిముట్టు. రెండు కమాండ్లు, అంతా పచ్చజెండా. సున్నా కొట్టడం తప్పని తెలుసుకున్నవాళ్లు నేరుగా దీని దగ్గరికి వస్తారు. నేనూ వచ్చాను, మూడేళ్లు ఇక్కడే ఉన్నాను. నా ఉద్దేశంలో ఇది సున్నా కన్నా ప్రమాదం. సున్నా కొట్టినవాడికి తలుపు లేదని కనీసం తెలుసు. దీన్ని వాడినవాడికి తలుపు ఉందన్న ధైర్యం కూడా ఉంటుంది. విత్తనాల సర్వర్‌లో ఆ ఆదివారం ఎస్ఈలినక్స్ ఆన్‌లో ఉండి, సోమవారం నేను లాగ్ చూసి, ‘ఓహో, వెబ్ సర్వర్ బ్యాకప్ ఫైలు చదవబోతే ఆపుతోందే’ అని ఆడిట్ టు అలౌ కొట్టి ఉంటే? దొంగ అడిగినవన్నీ రాసుకుని, వాటికి ఆమోదముద్ర వేసినట్టే కదా. ఆ పనిముట్టు తయారుచేసినవాళ్లు కూడా, వచ్చిన రూల్స్ చదివి చూసుకోమనే చెబుతారు. చదివేవాళ్లు ఎంతమంది ఉన్నారో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

జపాన్‌లో ఎన్‌టీటీ డేటా వాళ్లు తయారుచేసిన టొమోయో అనే పద్ధతి 2009లో కెర్నెల్‌లోకి వచ్చింది. అందులో ‘నేర్చుకునే మోడ్’ ఉంటుంది: ప్రోగ్రామ్ ఏం చేస్తుందో కొన్నాళ్లు చూసి రూల్స్ తయారుచేసుకుంటుంది. ఉబుంటులో వచ్చే యాప్‌ఆర్మర్ అనే కాపలాలోనూ, ఆపకుండా లాగ్ మాత్రం రాసే కంప్లెయిన్ మోడ్ ఉంది. మొదటి చిత్తుప్రతికి ఇవి పనికొస్తాయి, కాదనను. కానీ ప్రోగ్రామ్ ఇప్పుడు చేస్తున్న ప్రతి పనీ చేయాల్సిన పనే అని ఎవరు చెప్పారు? కొత్తగా చేరిన పనిమనిషి వారం రోజుల్లో ఏ గదుల్లో తిరిగిందో చూసి, ఆ గదులన్నీ ఆమెవే అని రాసిచ్చే ఇల్లాలు ఉంటుందా? ఆమె చేయాల్సిన పని ఏమిటో ముందు చెబుతుంది, గదులు దాన్నిబట్టి వస్తాయి.

నేను చెప్పదలుచుకున్నదంతా ఇదే. రూలు ప్రోగ్రామ్ పనిలోంచి రావాలి, ప్రోగ్రామ్ అడిగినదాంట్లోంచి రాకూడదు. దీనికి నాకు తెలిసిన మంచి సాక్ష్యం 2019 ఫిబ్రవరిలో దొరికింది. కంటెయినర్లు, అంటే ప్రోగ్రామ్‌లని విడివిడి గదుల్లో పెట్టినట్టు నడిపే ఏర్పాటు, వాటిని నడిపే రన్‌సీ అనే ప్రోగ్రామ్‌లో ఒక పెద్ద రంధ్రం బయటపడింది. కంటెయినర్ లోపల రూట్‌గా (సర్వాధికారిగా) ఉన్నవాడు, బయట అసలు మెషీన్ మీద ఉన్న రన్‌సీ ఫైలునే తిరగరాసి, మెషీన్ మొత్తం చేజిక్కించుకోవచ్చు. రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్‌లో ఎస్ఈలినక్స్ ఆన్‌లో ఉంటే ఆ దాడి సాగలేదు. ఎందుకని? ఆ రంధ్రం సంగతి పాలసీ రాసినవాళ్లకి తెలుసా? తెలియదు. ‘కంటెయినర్ లోపలివాడు కంటెయినర్ చీటీ ఉన్న ఫైళ్లలోనే రాయాలి’ అని ఎప్పుడో రాసుకున్నారు, అంతే. రన్‌సీ ఫైలుకి ఆ చీటీ లేదు. లాగ్ చూసి రాసిన రూలు ఏదీ ఈ పని చేసి ఉండేది కాదు.

నాలాంటివాళ్లు ఎస్ఈలినక్స్‌ని వెనకేసుకొచ్చేటప్పుడు ఒక నిజం దాచేస్తారు, అది దాచకూడదు. దాని పాలసీ మనిషి చదివేలా లేదు. పదుల వేల రూల్స్, వేల చీటీలు, వాటిని రాయడానికి ఎం4 అనే వేరే భాష మాక్రోలు. నేను ఏళ్ల తరబడి వాడుతున్నాను, వెబ్ సర్వర్ పాలసీ మొత్తం ఒక్కసారి కూడా మొదటినుంచి చివరిదాకా చదవలేదు. యాప్‌ఆర్మర్ ఈ విషయంలో నయం. ఇమ్యూనిక్స్ అనే కంపెనీలో సబ్‌డొమైన్ పేరుతో పుట్టి, 2005లో నావెల్ చేతికి వెళ్లి, తర్వాత ఉబుంటు వాళ్ల దగ్గర పెరిగింది, 2010లో కెర్నెల్‌లో చోటు దక్కింది. అందులో రూలంటే ఫైలు దారి, దాని పక్కన ఒక ఆర్ లేదా డబ్ల్యూ. తెల్లకాగితం మీద రాసుకున్న సామాన్ల చిట్టాలా ఉంటుంది, మా కుర్రాడు కూడా చదవగలడు. చీటీల గోల లేదు. కానీ అది చూసేది ఇంటి నంబరే, మనిషి మెడలో కార్డు కాదు. అదే ఫైలు వేరే దారిలో, వేరే పేరుతో కనబడితే దాని సమాధానం మారిపోవచ్చు. చదవగలిగే చిన్న రూలా, చదవలేని గట్టి రూలా అంటే, చిన్న ఆఫీసులకి నేను చదవగలిగేదే పెట్టుకోమంటాను. అలాగని ఉన్నదాన్ని మార్చమనడం లేదు. ఉబుంటు ఉంటే యాప్‌ఆర్మర్ ఉండనివ్వండి, రెడ్‌హ్యాట్ రకం ఉంటే ఎస్ఈలినక్స్ ఉండనివ్వండి. ఏది డబ్బాతో వస్తే అది. పీకి ఇంకోటి పెట్టడం మాత్రం నా దృష్టిలో తీరికలేనివాళ్ల పని కాదు.

ఇంకో సంగతి. ఆఫీసు సర్వర్‌లో ఎస్ఈలినక్స్ వద్దనేవాళ్లలో ఆండ్రాయిడ్ ఫోన్ ఉన్న ప్రతివాడి జేబులోనూ ఎస్ఈలినక్స్ ఉంది. ఆండ్రాయిడ్ 4.3లో, 2013లో, ఊరికే లాగ్ రాసే మోడ్‌లో వచ్చింది. మరుసటి ఏడాది 5.0తో పూర్తిగా ఆన్ అయింది. ఫోన్ పనిచేయడం లేదని సెట్ఎన్‌ఫోర్స్ సున్నా కొట్టుకున్న మామూలు మనిషిని నేను చూడలేదు. ఆ రూల్స్ రాసినవాళ్లకి ఫోన్‌లో ఏ ముక్క ఏ పని చేయాలో తెలుసు. సర్వర్‌లో ఆ తెలియాల్సినవాళ్లం మనమే, అక్కడే కష్టం.

ఫోన్‌లోనే రెండో రకం రూల్స్ కూడా ఉన్నాయి, మనం వేలితో నొక్కేవి. ఆండ్రాయిడ్ 6 వచ్చేదాకా, అంటే 2015 దాకా, యాప్ పెట్టుకునేటప్పుడే అడిగినవన్నీ ఒక్కసారిగా ఇచ్చేయాలి, లేదా యాప్ మానుకోవాలి. ఆరు నుంచి విడివిడిగా, అవసరం వచ్చినప్పుడు అడగడం మొదలైంది. దీన్ని వెక్కిరించేవాళ్లున్నారు, జనం చూడకుండా ‘అలౌ’ నొక్కేస్తారని. నిజమే, నేనూ నొక్కుతాను. కానీ పోయిన ఉగాదికి మా అమ్మ ఒక పంచాంగం యాప్ పెట్టుకుని, నొక్కబోయి ఆగి నన్ను పిలిచింది. కళ్లజోడు తుడుచుకుని స్క్రీను నాకు చూపించి, ‘‘ఒరేయ్, తిథి చెప్పడానికి దీనికి మన చుట్టాల నంబర్లు దేనికిరా?’’ అంది. అరవై మంది ఉన్న క్లాసులో మేమెవరం అడగని ప్రశ్న అది. ఆమె డినై నొక్కింది. తిథి చక్కగానే వచ్చింది.

అమ్మ అడిగినట్టు నేను కూడా అడుగుతున్నానని చెప్పుకోవాలని ఉంది కానీ, పోయిన శనివారం సంగతి కూడా రాయాలి. కుర్రాడికి చూపిద్దామని మా సొంత సర్వర్‌లో సెమాడ్యూల్ లిస్ట్ కొట్టాను. మన పాలసీ ముక్కలన్నీ అందులో వస్తాయి. వాటిలో ‘మైపోల్2’ అని ఒకటి కనబడింది. ఆ పేరు ఆడిట్ టు అలౌ వాడేవాళ్లు మాత్రమే పెడతారు. తేదీ చూస్తే ఆరేళ్ల కిందటిది, పెట్టింది నేనే. విప్పి చూశాం. వెబ్ సర్వర్‌కి ఏదో లాగ్ ఫోల్డర్‌లో రాయడానికీ, ఏదో పోర్టుకి కనెక్ట్ కావడానికీ అనుమతి. పక్కన ఒక్క ముక్క వివరణ లేదు. ‘మైపోల్1’ ఏమైందో కూడా తెలియదు.

‘‘తీసేద్దామా అన్నా?’’ అన్నాడు. తీసేస్తే ఏది ఆగుతుందో నాకు తెలియదు. ఉంచితే ఎవరికి తలుపు తీసిపెట్టానో తెలియదు. చివరికి మాడ్యూల్ తీసేసి, వెబ్ సర్వర్ ఒక్కదాన్ని పర్మిసివ్‌లో పెట్టాం. వారం రోజులు ఎవరు ఏం అడుగుతారో లాగ్‌లో పడుతుంది, అడిగిన ప్రతిదానికీ ఎందుకో కారణం కుర్రాడు నోట్సులో రాయాలి. ఇవాళ్టికి మూడు రోజులైంది. ఆ పోర్టు దగ్గరికి ఇప్పటిదాకా ఎవరూ రాలేదు.